ప్రసారాల తాళంచెవి నేలపైనే!
ఉపగ్రహ టెలివిజన్‌పై అదుపు ఎవరిది?

న్యూఢిల్లీ: ఉపగ్రహ ప్రసారాలకు సరిహద్దులు లేవన్న మాట తరచు వినవస్తుంది. అది సగమే నిజం. కార్యక్రమాన్ని ఆకాశానికి పంపే కేంద్రం ఏదో ఒక దేశపు నేలపై, అక్కడి ప్రభుత్వ అనుమతితో పనిచేయవలసిందే. ఈ ‘అప్‌లింకింగ్’ అనుమతి చుట్టూనే మూడు దశాబ్దాలకు పైగా భారత ప్రసార విధానం తిరుగుతున్నది.

భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతుంది కనుక మనకు ఒకేచోట నిలిచినట్లు ఉంటుంది. భూకేంద్రంలోని భారీ డిష్, శక్తిమంతమైన యాంప్లిఫయర్ సాయంతో, సన్నని కిరణంలా సంకేతాన్ని దానికి గురిపెడుతుంది. సి-బ్యాండ్‌లో ఇది సుమారు 6 గిగాహెర్ట్జ్ వద్ద పైకి వెళ్తుంది. ఉపగ్రహంలోని ట్రాన్స్‌పాండర్ దానిని 4 గిగాహెర్ట్జ్‌కు మార్చి, బలం పెంచి కిందికి వదులుతుంది. రెంటికీ ఒకే పౌనఃపున్యం వాడితే ఉపగ్రహం పంపే సంకేతమే అది అందుకోవలసిన బలహీన సంకేతాన్ని ముంచివేస్తుంది.

ఇంటి డిష్‌ను చేరేసరికి ఆ సంకేతం అతి క్షీణమై ఉంటుంది. పుటాకారపు డిష్ దానిని ఒక బిందువుకు చేర్చగా, అక్కడ అమర్చిన ఎల్.ఎన్.బి. బలం పెంచి, పౌనఃపున్యం తగ్గించి, తీగ ద్వారా సెట్‌టాప్ బాక్సుకు అందిస్తుంది. తరంగం ఎంత పొట్టిదైతే డిష్ అంత చిన్నదైనా చాలు. 4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 7.5 సెంటీమీటర్లు కాగా, 12 గిగాహెర్ట్జ్ కె.యు. బ్యాండ్‌లో అది 2.5 మాత్రమే. ఈ బ్యాండ్‌లో ప్రసారశక్తి కూడా ఎక్కువగా ఉంచడంతో, మేడపై ఎనిమిది, పది అడుగుల డిష్ కావలసిన చోట రెండు, మూడు అడుగులది సరిపోతున్నది. అయితే ఈ పొట్టి తరంగాలను వాన త్వరగా మింగివేస్తుంది. జడివానలో టీవీ బొమ్మ ఆగిపోయేది అందుకే.

ఈ చిన్న డిష్ దేనినీ ప్రసారం చేయదు, అందుకొంటుందంతే. కనుక దూరం నుంచి దానిని పసిగట్టడం దుస్సాధ్యం. పంపేవారిని పట్టుకోవడం సులువు, చూసేవారిని పట్టుకోవడం కష్టం. ప్రభుత్వాల తలనొప్పి అంతా ఇక్కడే ఉన్నది.

1991లో స్టార్ టీవీ హాంకాంగ్ నుంచి ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు భారత నేలపై ప్రైవేటు అప్‌లింకింగ్‌కు అనుమతి లేదు. 1992 అక్టోబరులో ఆరంభమైన జీ టీవీ కూడా భారతీయ ప్రేక్షకుల కోసం తయారైన కార్యక్రమాలను హాంకాంగ్ మీదుగానే పంపవలసి వచ్చింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్వదేశీయుల చేతులు కట్టివేయగలిగిందే గాని ఆకాశాన్ని కాదు.

1993 హీరో కప్ క్రికెట్ పోటీలతో వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కులను ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థకు ఇవ్వగా, అప్‌లింకింగ్‌పై ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ వాయుతరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి నియంత్రణను స్వతంత్ర ప్రాధికార సంస్థకు అప్పగించాలనీ పేర్కొన్నది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు.

ప్రభుత్వం మాత్రం ముందు చూసేవారి వైపు తిరిగింది. మర్డోక్ సంస్థ ఐస్కైబి పేరిట ఇళ్లకు నేరుగా ప్రసారాలు అందించేందుకు సన్నద్ధమవుతున్న తరుణంలో, 1997 జూలైలో 4,800 మెగాహెర్ట్జ్‌కు పైబడిన ప్రసారాలను అందుకొనే గృహ పరికరాలను నిషేధించింది. కేబుల్ ఆపరేటర్ల సి-బ్యాండ్ ఆ గీతకు దిగువన ఉండగా, కె.యు. బ్యాండ్ ఎగువన చిక్కుకొన్నది. గీత గీసినవారికి సాంకేతిక జ్ఞానానికి లోటు లేదన్నమాట!

2000 సంవత్సరంలో విధానం తలకిందులైంది. జూలైలో అప్‌లింకింగ్ మార్గదర్శకాలు వెలువడగా, నవంబరులో డి.టి.హెచ్.కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం లభించింది. ఔదార్యం కంటే ఇందులో లెక్కే ఎక్కువ: హాంకాంగ్‌లోని కేంద్రంపై ఢిల్లీకి అధికారం లేదు, స్వదేశంలోని కేంద్రంపై ఉన్నది. ఇదే చిక్కు తర్వాత పాకిస్థాన్‌కు ఎదురైంది. సరిహద్దు దాటి పడే భారతీయ డి.టి.హెచ్. సంకేతాలను ఆపలేక, అక్కడి నియంత్రణ సంస్థ 2016లో దుకాణాల్లోని పరికరాలపై దాడులకు దిగింది.

తాళంచెవి చేతికి వచ్చాక దానిని ఎలా వాడతారన్నది అసలు ప్రశ్న. మలయాళ వార్తా చానల్ మీడియావన్ అనుమతి పునరుద్ధరణను 2022 జనవరిలో కేంద్రం తిరస్కరించింది. హోంశాఖ భద్రతా అనుమతి లేదన్నదే చెప్పిన కారణం. వివరాలు సీల్డు కవరులో కోర్టుకు మాత్రమే అందాయి. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేస్తూ, ఆధారాలు చూపకుండా జాతీయ భద్రత పేరిట హక్కులను నిరాకరించరాదని స్పష్టం చేసింది.

కాగా, 2022 నవంబరులో వెలువడిన కొత్త మార్గదర్శకాల ప్రకారం కూడా చానళ్లకు అప్‌లింకింగ్ అనుమతి ఇచ్చేది సమాచార, ప్రసార మంత్రిత్వశాఖే. దానికి హోంశాఖ భద్రతా అనుమతి తప్పనిసరి. 1995 తీర్పు కోరిన స్వతంత్ర సంస్థ చేతికి ఆ అధికారం ఇంకా రాలేదు.