సైటు ఫొటో కూడా పనే

పోయిన నెల మా సైటుకు ఇద్దరు ట్రైనీ కుర్రాళ్లు వచ్చారు. ఒకరిది నిజామాబాద్ వైపు, ఇంకొకరిది రాజమండ్రి దగ్గర పల్లె. మొదటి రోజే ఇంజనీరు వాళ్లకు కంపెనీ ఫోన్ ఇచ్చి, రోజూ పని ఫొటోలు తీసి పంపమన్నాడు. సాయంత్రానికి 110 ఫొటోలు వచ్చాయి. అన్నీ ఇనుమే. ఏ ఫ్లోరు, ఏ పిల్లరు, ఏ వైపు అన్నది ఒక్కదాంట్లో కూడా తెలియదు. వాళ్లను ఏమనగలం? తీయమన్నవాళ్లు ఎలా తీయాలో చెప్పలేదు.

మాకు మాత్రం ఎవరు చెప్పారు? డిప్లొమాలో ఆరు నెలల ట్రైనింగ్ చేసినప్పుడు లెవెల్ పట్టడం, బార్ బెండింగ్ షెడ్యూల్ చదవడం, స్లంప్ టెస్టు చేయడం నేర్పారు. కెమెరా సంగతి ఎత్తినవాళ్లు లేరు. ఫొటో అంటే స్లాబ్ పోసే రోజు కొబ్బరికాయ కొట్టి తీసుకునేదే అనుకున్నాం. కాంక్రీటు పడ్డాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదని, పేచీ వస్తే మాట్లాడేది ఫొటోయేనని గల్ఫ్‌కు వచ్చాకే తెలిసింది.

అది కూడా దెబ్బ తిన్నాకే. కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక సైటులో పిల్లరుకు రింగులు దూరం దూరంగా కట్టారని కన్సల్టెంట్ తరఫు మనిషి అడ్డం తిరిగాడు. కాంక్రీటు పోసి పది రోజులైంది. మా దగ్గర ఫొటో ఉంది. కానీ మరీ దగ్గర నుంచి తీసింది. పక్కన టేపు లేదు, పిల్లరు నంబరు లేదు. "ఇది ఆ పిల్లరే అని ఏంటి గ్యారంటీ?" అంటే నోరు పెగల్లేదు. చివరికి ఒక పక్క కవర్ చెక్కి చూశారు. రింగులు సరిగ్గానే ఉన్నాయి. అయినా రెండు రోజులు పని ఆగిందని మా ఫోర్‌మన్ జీతంలో కోత పెట్టారు. ఇంటికి పంపే డబ్బులో అది చిన్న మొత్తమేం కాదు. తప్పు చేయనివాడికి శిక్ష పడింది, ఫొటో తీయడం రాక.

ఇందులో పెద్ద విద్యేం లేదు. ముందు దూరం నుంచి ఒకటి, చుట్టుపక్కల పిల్లర్లు, గ్రిడ్ లైను కనిపించేలా. తర్వాత ఆ పిల్లరు మొత్తం. ఆ తర్వాత దగ్గరికి వెళ్లి, టేపు ఆనించి రింగుల దూరం, కవర్ బ్లాకులు. ప్రతిసారీ పలక మీద సుద్దతో పిల్లరు నంబరు, తేదీ రాసి పక్కన పెట్టాలి. వేళ్లతో జూమ్ చేయొద్దు, కాళ్లతో దగ్గరికి నడవాలి. మామూలుగా ఫోన్‌లో అలా సాగదీస్తే బొమ్మ చెదురుతుంది తప్ప కొత్తగా ఏమీ కనిపించదు. ఎండ మన వీపు మీద పడాలి, లెన్సు మీద కాదు. నడినెత్తిన సూర్యుడు ఉంటే ఇనుము నీడలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఇక్కడ ఎలాగూ ఎండలో పని బంద్, ఫొటోకూ అదే మంచిది. బేస్‌మెంట్‌లో ఫ్లాష్ ఎదురుగా కొడితే గోడ తెల్లగా వెలిగిపోతుంది. పక్క నుంచి టార్చి వేస్తే సన్నని పగులు కూడా నీడతో బయటపడుతుంది. లెన్సు తుడవకుండా తీస్తే దుమ్మే ఫొటో అవుతుంది. ఇంకొకటి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, తీసిన సమయం వివరాలు కూడా పోతాయి. అసలు ఫైలు దాచిపెట్టాలి.

కొలతలు వేసేవాడికి కెమెరా ఎందుకు అనే పెద్దలు ఇంకా ఉన్నారు. హైదరాబాద్ వాళ్లకు రాజా దీన్ దయాళ్ పేరు తెలిసే ఉంటుంది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. ఆయన చదివింది రూర్కీలో సివిల్ ఇంజనీరింగ్. ఇందోర్‌లో పనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా కొలువు. 1874లో కెమెరా పట్టింది ఆ కొలువులో ఉండగానే.

తీయడం ఎంత ముఖ్యమో, ఏది తీయకూడదో తెలియడం అంతకంటే ముఖ్యం. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఒప్పుకోలు లేకుండా ఎదుటివాళ్ల ఫొటో తీసినా, ప్రమాదంలో గాయపడ్డవాళ్ల, చనిపోయినవాళ్ల ఫొటోలు తీసి పంచినా కనీసం 6 నెలల జైలు గానీ, 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఖతర్ కూడా 2017లో తన శిక్షాస్మృతిలో ఇలాంటి మార్పే చేసింది. సైటులో ఎవరైనా పైనుంచి పడితే ముందు ఫోన్ తీసే అలవాటు మనవాళ్లలో ఉంది. ఊళ్లో అయితే తిట్టి వదిలేస్తారేమో, ఇక్కడ కేసు అవుతుంది. ఆ మాట కుర్రాడికి మొదటి రోజే చెప్పకపోతే తప్పు మాలాంటి సూపర్‌వైజర్లదే.

కంపెనీలను మేము అడిగేది ఒక్క పూట. ట్రైనీకి సేఫ్టీ క్లాసు ఎలా పెడతారో అలాగే ఫొటో క్లాసు పెట్టండి. ఊళ్లో పాలిటెక్నిక్ పంతుళ్లకూ అదే మనవి, ట్రైనింగ్‌కు పంపేముందు పిల్లల చేత కాలేజీ గోడనే నాలుగు వైపులా తీయించండి. ఖర్చు ఒక సుద్దముక్క.

మా ఇద్దరు కుర్రాళ్లకు భోజనాల వేళ మేమే చెప్పడం మొదలుపెట్టాం. "అన్నా, ఇది కూడా పనేనా?" అని నవ్వారు ముందు. నిన్న రాజమండ్రి తమ్ముడు పంపిన ఫొటోలో పలక మీద సి-14 అని స్పష్టంగా కనిపించింది. టేపు మాత్రం తలకిందులుగా పెట్టాడు.