ఇందిరమ్మ ఇంటి కిటికీకి దోమల మెష్ ఏది?

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. సొంత స్థలం ఉన్న పేదకు 5 లక్షల రూపాయలు, నియోజకవర్గానికి 3,500 ఇళ్లు అన్నారు. భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఈ ఇల్లు మలేరియాను కూడా ఆపాలి. ఇల్లు గృహనిర్మాణ శాఖది, జ్వరం వైద్య శాఖది, మురుగు పంచాయతీది అని ఎవరి లెక్క వారు చూసుకుంటే అది జరగదు. మూడింటినీ కలిపి చూసే అధికారం గ్రామ పంచాయతీకి ఇవ్వాలి.

మలేరియా గుట్టు దోమలో ఉందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు. మూడేళ్లకు ఇటలీలో శాస్త్రవేత్త గ్రాస్సీ రైల్వే కార్మికుల ఇళ్ల తలుపులకు, కిటికీలకు మెష్ బిగించి, జ్వరాలు ఎంతగా తగ్గుతాయో చూపించాడు. మన ఏజెన్సీలో మాత్రం ఇప్పటికీ గోడలకు మందు కొట్టడం మీద, దోమతెరల మీదే భారం వేస్తున్నాం. తడిక గోడకూ చూరుకూ మధ్య సందున్న గుడిసెలోకి దోమకు అడ్డే లేదు. మట్టి గోడను పండక్కి అలికితే కొట్టిన మందు ఆ అలుకు కింద కప్పబడిపోతుంది. అందుకు ఆ ఇల్లాలిని తప్పుపట్టడం అన్యాయం. అలకకపోతే మట్టి గోడ నిలవదు. అలాగని స్లాబు పడగానే గండం గడిచినట్టూ కాదు. నీళ్ల డ్రమ్ముకు మూత లేకపోతే అక్కడ డెంగీ దోమ పెరుగుతుంది. కాబట్టి కిటికీలు పెట్టే దశలోనే పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త కలిసి వెళ్లి మెష్, మూత, ఇంకుడు గుంత చూడాలి.

ఇచ్చే 5 లక్షలే చాలడం లేదు, మళ్లీ ఈ ఖర్చెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ భారం లబ్ధిదారుడి మీద వేయకూడదు, మెష్ లేదని ఇంటి బిల్లు ఆపకూడదు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీ గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. కాలువలు, ఇంకుడు గుంతలు అలాంటి నిధులతో తవ్వించవచ్చు. మెష్‌ను సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) టోకున కొని ఇవ్వాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం అటవీ శాఖది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయల గుంపులు (ఆవాసాలు) అడవిలో ఉన్నాయి, పట్టా లేదు, పక్కా ఇల్లు కుదరదంటారు. వారి భూమి హక్కుల వివాదం ఇప్పట్లో తేలేది కాదు. అది తేలేదాకా పిల్లలు చెలమ నీళ్లు తాగాలా? 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో తాగునీరు, ఆసుపత్రి, అంగన్‌వాడీల కోసం ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వడానికి దారి చూపింది. గుంపులున్న పంచాయతీలు ముందు బోరుకు, రక్తపరీక్ష చేసే ఆరోగ్య కేంద్రానికి తీర్మానాలు చేసి పంపాలి. వానలు పడి వాగులు పొంగితే ఆ గుంపులకు దారి ఉండదు. ఈ పని వేసవిలోనే కావాలి.