పడిపోతే... మళ్లీ మొదలెట్టొచ్చు!

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే బస్సెక్కితే పిల్లల కళ్లన్నీ డ్రైవరు మీదే. ఘాట్ దిగేటప్పుడు ఆయన గేరు ఎందుకు తగ్గిస్తాడు? అడిగి చూడండి... 'నీకెందుకురా, కుదురుగా కూర్చో' అనే జవాబే ఎక్కువ.

అదే పిల్లాడు ఇంటికెళ్లి అమ్మ ఫోన్లో తనే బస్సు నడుపుతాడు. మలుపులో వేగం తగ్గించడు. బస్సు రోడ్డు దిగిపోతుంది. రెండోసారి బ్రేకు వేస్తాడు, కానీ ఆలస్యంగా. నాలుగోసారికి ఎంత ముందు వెయ్యాలో చేతికి తెలిసిపోతుంది. మధ్యలో తిట్టినవాళ్లు లేరు, మార్కులు పోలేదు!

ఆ ఆట పేరు 'బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా'. 2017లో వచ్చింది. అక్కడా మనలాగే ఎడమవైపు ప్రయాణం. బస్సుకు నచ్చిన రంగులు వేసుకోవచ్చు. ఇంకేం, జావా రోడ్ల మీద మన ఆర్టీసీ బస్సులు తిరిగేస్తున్నాయి! ఆ రంగుల బొమ్మ ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఆటలోకి ఎలా ఎక్కించాలి... ఇవేవీ బళ్లో చెప్పరు. ఒకరు కనిపెడితే వీధంతా నేర్చేసుకుంటుంది.

ఎవరో చెప్పింది వినడం కంటే తనంతట తాను కనిపెట్టింది బాగా గుర్తుంటుందని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1961లోనే రాశారు. మన దగ్గరా ఓ ప్రయోగం జరిగింది. 1999లో ఢిల్లీలో గోడకు కంప్యూటరు బిగించి పిల్లలకు వదిలేసిన సుగతా మిత్రా, జేమ్స్ టూలీ తదితరులతో కలిసి హైదరాబాద్‌లో 16 మంది పేద పిల్లలకు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. ఇంగ్లిషులో ఏదైనా అంటే అది టైపు చేస్తుంది. పలకడం తప్పితే తెర మీద వేరే మాట పడుతుంది! సరైన మాట పడేదాకా ప్రయత్నించడమే పని. టీచరు పక్కన లేకుండానే వాళ్ల ఉచ్చారణ మెరుగుపడిందని 2003లో ప్రకటించారు. దీన్ని వీడియోగేమ్ అనలేం గానీ నడిచింది మాత్రం ఆటలాగే.

అలాగని ఫోన్ చేతికిచ్చేస్తే చదువు వచ్చేస్తుందా? రాదు. గోడ కంప్యూటర్లు కొన్నిచోట్ల మూలపడ్డాయి. మరికొన్నిచోట్ల పెద్ద మగపిల్లలు ముందుకు తోసుకొస్తే ఆడపిల్లలు వెనక నిలబడిపోయారు. ఇక ఫోన్లో దొరికే ఆటల్లో చాలావాటికి పిల్లలకు నేర్పడం కంటే ప్రకటనలు చూపించడమే ముఖ్యం.

మన్యంలో ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. బళ్లో తెలుగులో జవాబు తప్పు చెబితే నవ్వుతారేమోనన్న భయంతో నోరే విప్పని పిల్లలకు, తప్పుని లెక్కపెట్టని చోటు ఎంత అవసరమో ఆలోచించండి. బస్సు బోల్తా పడితే ఆటకి ఏ భాషా అక్కర్లేదు.

ఎందుకు పడిందో మాత్రం ఆట చెప్పదు. ఆ జవాబు సైన్సు పుస్తకంలో గమన నియమాల దగ్గర ఉంది. గేరు సంగతీ అంతే. దిగువలో బ్రేకు అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఈసారి టీ కోసం బస్సు ఆగినప్పుడు డ్రైవరునే అడగమనండి. ఆయనకిది కొట్టిన పిండి!