"తను" అంటే ఎవరండీ?

మొన్నామధ్య శ్రీకాకుళం వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు మా పిన్నికి ఓ కాగితం రాసిచ్చాను. "మామ్మకి టిఫిన్‌కి ముందు షుగరు మాత్ర, తాతకి బీపీ మాత్ర. తను ఏమీ తినకపోతే అది వెయ్యొద్దు." నా దృష్టిలో బ్రహ్మాండమైన డాక్యుమెంటేషన్!

నాలుగో రోజు ఫోన్ చేస్తే తాతకి బీపీ బాగా పెరిగిందన్నారు. ఆయన రెండ్రోజులు టిఫిన్ ముట్టలేదని పిన్ని బీపీ మాత్ర ఆపేసింది. నా "తను" మామ్మ, పిన్ని చదువుకున్న "తను" తాత. ఆ రెండ్రోజులూ మామ్మ తినబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో.

తప్పు పిన్నిది కాదు. దగ్గరున్న పేరుకి అన్వయించుకుంది, ఎవరైనా అదే చేస్తారు. మా భాషలో చెప్పాలంటే ఎటు చూపిస్తోందో తెలియని పాయింటర్ రాసింది నేను.

పోనీ తెలుగులో సదుపాయం లేదా అంటే, బోలెడుంది. "ఆవిడ" అని రాసినా గొడవుండేది కాదు. "తిన్నాడు, తిన్నది" అంటే క్రియే మనిషిని పట్టిస్తుంది. "తినకపోతే" అన్నామా, ఆ ఆనవాలు పోతుంది. అక్కడే జాగ్రత్త పడాలి. ఆఫీసు మెయిల్లో ఇంగ్లీషు "వీ" చూసి, పని మా టీముదా, క్లయింటుని కూడా కలుపుకునా అని తల పట్టుకుంటాం. తెలుగులో "మేం" వేరు, "మనం" వేరు. ఇంత సొమ్ము పెట్టుకుని అన్నిటికీ "తను" ఎందుకు?

మా జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారి పుణ్యమా అని వాడుకభాషలో రాసుకుంటున్నాం. చాలా మంచిది. కానీ మాట్లాడేటప్పుడు వేలుంటుంది, చూపుంటుంది, అర్థంకాకపోతే "ఎవరికి?" అని అడిగే మనిషి ఎదురుగా ఉంటాడు. విజయనగరం గురజాడ వారి "కన్యాశుల్కం" అంతా మాటలే అయినా, ప్రతి మాట ముందూ పాత్ర పేరుంటుంది. కాగితం మీద ఆ పని మనమే చెయ్యాలి.

నామవాచకానికి బదులు వాడేది సర్వనామం అని బళ్ళో బట్టీపట్టాం. పేరు మళ్ళీ మళ్ళీ రాస్తే బాగోదని కూడా నేర్పారు. కథలో బాగోదేమో గానీ మందుల చీటీలో, వీలునామాలో, బగ్ రిపోర్టులో పదిసార్లు రాసినా నష్టం లేదు.

కొత్త చీటీలో "మామ్మ" ఐదుసార్లుంది. చదివి మామ్మే నవ్వింది, "నా పేరు జపం చేస్తన్నావేట్రా" అని :)