పదిహేను వేల పురుళ్ళు

మహనీయుల పేర్లను శిలాఫలకాలమీద చెక్కించడం లోకాచారం. కాని మనం ఈ భూమిమీదికి వచ్చిన క్షణాన మనలను తొలిసారి చేతులలోకి తీసుకొని, బొడ్డు కోసి, తల్లి ప్రక్కన పరుండబెట్టిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? ఈ ప్రశ్న నేనొకనాడు తరగతిలో అడిగాను. చేయెత్తినవారు ఒకరిద్దరే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా తల్లిగారిని అడిగితే, "దాయమ్మ వచ్చింది బేటా" అన్నారు. అది పేరు కాదు, చేసిన పని. అసలు పేరు మా తల్లిగారికీ జ్ఞాపకం లేదు.

అట్లా పని పేరే ఇంటిపేరుగా నిలిచిపోయిన ఒక తల్లిని ఈ సంచికలో స్మరించుకోవాలనిపించింది. ఆమె సూలగిత్తి నరసమ్మ. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకా, కృష్ణాపుర గ్రామంలో 1920లో ఆమె జన్మించారు. అనంతపురం సీమను ఆనుకొని ఉన్న తాలూకా అది. నరసమ్మ మాతృభాష మన తెలుగే. ఆమె బడి ముఖం ఎరుగరు. పన్నెండవ ఏట పెండ్లి జరిగింది. మంత్రసానిగా ఉన్న అవ్వ వద్ద ఆ విద్య అబ్బింది. 1940లో, ఇరువదేండ్ల వయసులో, దగ్గరి బంధువుకు తొలిసారి పురుడు పోశారు. ఆ దారిన పోయే సంచార జాతులవారి నుండి బాలింతలకు, చూలింతలకు పనికివచ్చే మూలికల మందులు నేర్చుకున్నారు. కడుపుమీద చేయి వేసి బిడ్డ తల ఎటున్నదో చెప్పగలిగేవారట.

ఆమె స్వయంగా పన్నెండుమంది బిడ్డలను కన్నారు. వారిలో నలుగురు పసితనంలోనే పోయారు. ఈ మాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. కడుపుకోత ఏమిటో ఎరిగిన తల్లి గనుకనే ఇతరుల గుమ్మంలో అర్ధరాత్రి నిలబడగలిగింది. డెబ్బది ఏండ్లపాటు, వైద్య సదుపాయం లేని పల్లెలలో, పదిహేను వేలకు పైగా పురుళ్ళు పోశారు. ఒక్క పైసా ప్రతిఫలం అడగలేదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం అక్షరం రాని ఆ చేతులకు గౌరవ డాక్టరేటు అందించింది. 2018లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. ఆ సంవత్సరమే డిసెంబరు 25న, తొంబది ఎనిమిదవ ఏట, బెంగళూరులో కన్నుమూశారు.

ఇంతవరకు చదివి, "పాతకాలమే మంచిది, ఆసుపత్రులెందుకు?" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నరసమ్మగారి వంటి చేయి ప్రతి ఊరికీ దొరకలేదు. దొరకని ఊళ్ళలో ఎందరు తల్లులు నేలపాలైనారో లెక్క వ్రాసినవారు లేరు. మన హైదరాబాదు సంగతే చూడండి. రాజభవనంలో పనిచేసే రఫతున్నిసా బేగం కాన్పులో మరణించింది. సంతానం లేని నీలోఫర్ రాకుమారి ఆ మరణానికి చలించి, మరొక తల్లికి ఆ గతి పట్టరాదని పూనుకొన్నందువల్లనే 1953లో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. రాజుల ఇంటనే అట్లా ఉంటే పల్లెల మాట చెప్పవలసిందేమున్నది?

కాని ఇప్పుడు త్రాసు రెండవ వైపుకు ఒరిగింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి తొంబది ఏడు కాన్పులు ఆసుపత్రులలోనే జరిగాయి. ఇది సంతోషించదగినదే. అయితే మొత్తం కాన్పులలో 60.7 శాతం కడుపుకోసి చేసినవి. ప్రైవేటు ఆసుపత్రులలో అది 81.5 శాతం. దేశమంతటి సగటు 21.5 శాతం మాత్రమే. మన తల్లుల శరీరాలు దేశంలోని ఇతర తల్లుల శరీరాలకంటె అంత వేరైనవా? కావు. మనం కోల్పోయింది తల్లి ప్రక్కన గంటలకొద్దీ ఓపికతో కూర్చొని, నొప్పులను తమ దారిన సాగనిచ్చే మనిషిని. ఈ లోటును గుర్తించే 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు ప్రసూతి సేవలో పదునెనిమిది నెలల ప్రత్యేక శిక్షణ ప్రారంభించింది. అంటే నరసమ్మగారి ఓపికను, నర్సు చదువును ఒకేచోట చేర్చే ప్రయత్నమన్నమాట.

ఈ శిక్షణకు ఎవరు పోవాలి? ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితం నా విద్యార్థిని ఒకతె వచ్చి, "సార్, నర్సింగులో సీటు వచ్చింది. రాత్రి డ్యూటీలు, పరాయివాళ్ళను ముట్టుకోవడం, మన ఇండ్లలో కుదరదని అబ్బా అంటున్నారు. మీరొక్క మాట చెబుతారా?" అన్నది. నేను చూద్దామన్నాను, ఆ తండ్రి వద్దకు వెళ్ళలేదు. ఆమె ఆ సీటు వదులుకొని వేరే చదువులో చేరింది. మదీనాలో ప్రవక్త మసీదు ఆవరణలోనే గుడారం వేసి, గాయపడినవారికి చికిత్స చేసిన రుఫైదా అల్ అస్లమియా సంగతి ఆ తండ్రికి నేను చెప్పి ఉండవలసింది. 627లో కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్‌ను చేర్చినది ఆ గుడారానికే. మసీదు నీడలో గౌరవం పొందిన వృత్తి మన గుమ్మంలో నామోషీ ఎట్లా అయింది?

మరొక మాట. నరసమ్మగారు ఉచితంగా చేశారు గనుక నర్సులకు జీతం తక్కువైనా సరిపోతుందని భావించడం అన్యాయం. ఆమె త్యాగం ఆమె ఇష్టం. ఇతరుల కూలిని ఎగవేసేందుకు అది మనకు సాకు కారాదు.

విద్యార్థినీ విద్యార్థులారా! బౌరంపేట నుండి మేడ్చల్, శామీర్‌పేట దాకా మన చుట్టూ ఉన్న పల్లెలు మన కళ్ళముందే నగరంలో కలిసిపోతున్నాయి. ఆ ఊళ్ళలో పురుళ్ళు పోసిన దాయమ్మలు, సైకిళ్ళమీద ఇంటింటికి తిరిగి సూదిమందులు వేసిన నర్సమ్మలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. సెలవులలో మీ అవ్వలను, నానీలను అడిగి వారి ఇంటికి వెళ్ళండి. వారి పేరు, ఊరు, వారు చెప్పినది తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసుకొని రండి. కమిటీ పెద్దలకు నా విన్నపం రెండే మాటలు. ప్రతి సంవత్సరం మే 12న, నర్సుల దినోత్సవాన, వారిలో ఒకరిని మన వేదికమీద కూర్చుండబెట్టండి. నర్సింగు చదువదలచిన బాలికల తండ్రులతో మాట్లాడేందుకు కళాశాల పక్షాన ఇద్దరిని నియమించండి. ఆ ఇద్దరిలో ఒకడిగా మొదట నా పేరు వ్రాయండి.