పెరటి తొట్లలో రంగు చేపలు: వరాహ నదిలోకి చేరకుండా చూసేదెవరు?

(మా గ్రామీణ విలేఖరి)

బలిఘట్టం: అద్దాల తొట్లలో తిరిగే రంగు చేపలు ఇక పట్నవాసుల ముచ్చట మాత్రమే కాదు. పెరటిలో నాలుగు సిమెంటు తొట్లు కట్టుకోగల కుటుంబానికి అవి ఆదాయమార్గమని ప్రభుత్వమే చెబుతున్నది. 2020లో ప్రారంభమై, తరువాత 2025-26 వరకు పొడిగించబడిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల పెంపకానికి యూనిట్ వ్యయం 3 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. సాధారణ వర్గాల వారికి 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సబ్సిడీ. అంటే ఒక మహిళకు 1 లక్షా 80 వేలు సబ్సిడీ వస్తే, మిగిలిన 1 లక్షా 20 వేలు ఆమె సమకూర్చుకోవాలి.

ఈ పని నర్సీపట్నం ప్రాంతానికి సరిపడుతుందా అన్నది మొదటి ప్రశ్న. సరిపడితే, వరాహ నదిని ఆనుకొని ఉన్న బలిఘట్టం వంటి ఊళ్ళలో ఏ జాగ్రత్త తీసుకోవాలన్నది రెండవ ప్రశ్న. మొదటిదాని గురించి అందరూ మాట్లాడతారు. రెండవదాని గురించి మాట్లాడేవారు తక్కువ.

ఎండతోనే చిక్కు

చలి దేశాలలో వేసవి రాగానే అద్దాల తొట్లలోని చేపలను ఆరుబయటి కుంటలలోకి మారుస్తారు. వెచ్చని నీరు, ఎండ, పచ్చని నాచు, పురుగుల మేత దొరికి అక్కడ అవి త్వరగా ఎదిగి పిల్లలు పెడతాయి. మన దగ్గర పరిస్థితి తలకిందులు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఆరుబయటే పెంచవచ్చును గాని, వేసవిలోనే వాటిని కాపాడుకోవడం కష్టం.

కారణం తేలికగానే తెలుస్తుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల నీటిలో సుమారు ఏడున్నర మాత్రమే. పైగా పగలు ప్రాణవాయువునిచ్చే నాచే రాత్రి దానిని వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం ఇందుకే. లోతు లేని తొట్టి మరీ త్వరగా కాగుతుంది. కొబ్బరి మట్టలతోనో, ఆకుపచ్చ వలతోనో పందిరి వేయాలి. చేపలను పలచగా ఉంచాలి. నీరు మొత్తం ఒక్కసారిగా మార్చక, పావు వంతు చొప్పున మార్చాలి. కుళాయి నీరైతే మందు వాసన పోయే వరకు నిలవ ఉంచి పోయాలి.

కొత్తవారికి గప్పీ, మోలీ, ప్లాటీ రకాలు తేలిక. ఇవి గుడ్లు పెట్టక నేరుగా పిల్లలను కంటాయి. గప్పీ సుమారు నెలకొకసారి ఈనుతుంది. అయితే తల్లే పిల్లలను తినేస్తుంది గనుక వెంటనే వేరుచేయాలి. గోల్డ్ ఫిష్ గుడ్లు జిగురుగా ఉండి గుర్రపుడెక్క వేళ్ళకు అంటుకుంటాయి. ఆ మొక్కలను మరో తొట్టిలోకి మార్చితే గుడ్లు దక్కుతాయి. లకుముకి పిట్ట, కప్ప, నీటిపాము, తూనీగ పిల్లపురుగు వీటికి శత్రువులు. అందుచేత పైన వల తప్పనిసరి.

అమ్మకం మాటేమిటి?

రంగు చేపల వ్యాపారానికి చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా పేరుపొందిన కేంద్రాలు. ఆ పోటీని తట్టుకొని ఒంటరి కుటుంబం విశాఖ దుకాణాల వరకు సరకు చేర్చడం కష్టం. ఒడిశాలోని దేవగఢ్ జిల్లాలో భువనేశ్వర్ మంచినీటి చేపల పరిశోధన సంస్థ సాయంతో మహిళా సంఘాలు ఊరంతా కలిసి సిమెంటు తొట్లలో ఈ చేపలను పెంచాయి. పది ఇళ్ళ సరకు ఒకచోట చేరితేనే వ్యాపారి గుమ్మంలోకి వస్తాడు. మన డ్వాక్రా సంఘాలకు ఇది కొత్త సూత్రం కాదు.

ఏటిలో పడితే?

ఇక అసలు సంగతి. బలిఘట్టం వద్ద వరాహ నది ఉత్తరవాహిని. శివరాత్రికి వేలాది మంది స్నానాలు చేసే ఈ నీరే దిగువన పొలాలకు వెళుతుంది. ఏటి ఒడ్డు పెరటిలోని తొట్టి పెద్ద వానకు పొంగితే అందులోని చేప కాలువ గుండా ఏటిలోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూపించిన ఉధృతిని ఈ ప్రాంతం మరచిపోలేదు. అంతేకాదు, పెంచలేక ఏటిలో వదిలి, అదే పుణ్యమనుకొనేవారూ ఉంటారు.

ఆ పుణ్యం ఫలితం రాష్ట్రంలో కళ్ళెదుటే ఉన్నది. తొట్టి గోడల నాచు తింటుందని కొనితెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప నేడు మన నదులలో, చేపల చెరువులలో తిరుగుతున్నది. ఒంటి నిండా గట్టి పెంకు. వలలను చించుతుంది. గట్లకు బొరియలు తవ్వుతుంది. సంతలో కొనేవారు లేరు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను నిర్మూలించాలని కేంద్రం 2000లోనే ఆదేశించినా అది ఇంకా పోలేదు. నీటిలో ఒకసారి స్థిరపడిన చేపను ఉత్తర్వుతో వెనక్కు పిలవలేమన్నమాట.

ప్రభుత్వ పద్ధతి కూడా ఆలోచింపదగినదే. దోమల నివారణకు 1928లో ఇటలీ నుండి తెచ్చిన గంబూసియా చేపలను 2024లో సైతం మన రాష్ట్రంలో పెద్దఎత్తున వదిలారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 పరాయి జీవుల జాబితాలో ఈ చేప ఉన్నది. ఇది స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది. తలపై తెల్లని చుక్కతో నీటి పైపైనే తిరిగే మన కాలువల చిన్న చేప కూడా దోమ పిల్లలను తింటుంది. దానిని పెంచి వదిలితే ఏటికి బెడద ఉండదు.

చేయవలసినవి

రంగు చేపల పెంపకం వద్దనడం సరికాదు. భూమి లేని కుటుంబానికి పెరడే పొలమైతే అంతకంటె కావలసినదేమున్నది? కాని సబ్సిడీ ఇచ్చే ముందే కొన్ని షరతులు పెట్టాలి. తొట్టి వరద తాకని మెరకలో ఉండాలి. పొంగు గొట్టానికి పిల్ల చేప కూడా జారని సన్నని జాలీ ఉండాలి. వానలకు ముందే నీటిమట్టం తగ్గించాలి. మార్చిన నీరు మురుగు కాలువలోకి గాక కూరపాదులకు పోవాలి. సక్కర్ వంటి రకాలను యూనిట్లలోకి రానీయరాదు. అక్కరలేని చేపను దుకాణదారుకే తిరిగి ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. 3 లక్షల యూనిట్‌లో జాలీ ఖరీదు లెక్కలోకి రాదు. అనకాపల్లి జిల్లా మత్స్యశాఖ తొట్లను తనిఖీ చేసే సమయంలోనే వీటినీ చూస్తే సరిపోతుంది. ఆ పని తొలకరికి ముందే జరగాలి. ఏరు పొంగిన తరువాత ఏ అధికారి వచ్చినా చేయగలిగినది ఏమీ ఉండదు.