ముట్టిన తరువాతే పరీక్షకు పంపాడు

ప్రతి సంవత్సరం డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినాన, అనంతపురంలో కళాశాల విద్యార్థులు ఎర్ర రిబ్బన్లు పెట్టుకొని ర్యాలీగా నడుస్తారు. కానీ అదే విద్యార్థి ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రం, గడప తొక్కాలంటే వెనుకాడతాడు. వ్యాధి భయం కంటే తెలిసినవారెవరైనా చూస్తారన్న భయమే ఎక్కువ. ఆ తెలిసినవారిలో మన సంఘస్థులూ ఉన్నారు. అందుకే ఈ సంగతి సంఘం ముందు పెడుతున్నాము.

పెద్దల్లో హెచ్ఐవీ వ్యాప్తి ఆంధ్రప్రదేశ్‌లో దేశ సగటుకు దాదాపు మూడు రెట్లుంది. మన రాష్ట్రంలో మూడు లక్షలకు పైగా ప్రజలు ఈ వైరస్‌తో జీవిస్తున్నారు. వానలు లేక బెంగళూరుకు వలసపోయి, భార్యాభర్తలు నెలల తరబడి వేరుగా బ్రతకడం ఈ కరువు సీమకు కొత్త కాదు. అక్కడి తప్పటడుగు భారాన్ని ఏ పాపమూ ఎరుగని ఇల్లాలు, ఆమె కడుపున పుట్టిన బిడ్డ కూడా మోస్తారు. మన దేశంలో ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. ఆ కాలంలో వైరస్‌తో పుట్టి, మందులతో బ్రతికిన పిల్లలు ఈనాడు డిగ్రీ చదివే వయసువారు. వారిలో కొందరు మన యౌవనస్థుల కూటాల్లోనే కూర్చొని ఉండవచ్చు.

పరీక్ష కష్టమైనది కాదు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, తరువాత కొద్దిగా రక్తం తీసుకుంటారు. అంతా ఉచితం. మొదటి పరీక్షలో వైరస్ జాడ కనబడితే, వేరే కిట్లతో మళ్ళీ పరీక్షించి గాని నిర్ధారించరు. ఈ మధ్యనే వైరస్ సోకి ఉంటే వెంటనే బయటపడకపోవచ్చు. అలాంటప్పుడు కౌన్సిలర్ చెప్పిన గడువుకు మళ్ళీ వెళ్ళాలి. వ్యాధి ఉన్నదని తేలితే ఆలస్యం లేకుండా మందులు మొదలుపెడతారు. క్రమంగా వాడి, రక్తంలో వైరస్ లెక్కకు అందనంతగా తగ్గినవారి నుండి లైంగిక సంబంధం ద్వారా అది మరొకరికి సోకదు. బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రి కూడా ఎన్నో ఏండ్లుగా ఈ రోగులకు సేవ చేస్తున్నది. సందేహాలున్నవారు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, వ్యక్తి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. చదువులోగాని ఉద్యోగంలోగాని వివక్ష చూపకూడదు. పద్దెనిమిదేండ్లు నిండిన విద్యార్థి తానే సమ్మతి ఇవ్వవచ్చు. కానీ చట్టం ఆసుపత్రి రిజిస్టరుకు కాపలా కాయగలదు గాని, ఆరాధన అయ్యాక గుడి వాకిట్లో సాగే గుసగుసలకు కాయలేదు. ఆ కాపలా మనదే.

పరిశుద్ధతను బోధించడం మానమని మేము చెప్పడం లేదు. అయితే పరీక్షకు వెళ్ళడాన్నే పాపానికి సాక్ష్యంగా చూస్తే, మన పిల్లలు పరిశుద్ధులు కారు, దాచుకొనేవారవుతారు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలోని కుష్ఠరోగిని జ్ఞాపకం చేసుకుందాం. లేవీయకాండం చెప్పిన పరీక్షను యేసు ప్రభువు కొట్టివేయలేదు. యాజకుని యొద్దకు వెళ్ళమనే చెప్పాడు. అయితే దానికి ముందే చెయ్యి చాపి అతణ్ణి ముట్టాడు. మనమేమో సర్టిఫికెట్ చూశాక ముట్టుకుందామంటున్నాము.

కాపరులకు మా మనవి. పెండ్లికి ముందు పరీక్ష మంచిదే. వధూవరులిద్దరూ ఇష్టపూర్వకంగా వెళ్ళేలా ప్రోత్సహించండి, ఒకరికొకరు నిజం చెప్పుకొమ్మని బోధించండి. ఆ కాగితం మాత్రం సంఘం ఆఫీసుకు అడగవద్దు. యౌవనస్థుల కూటానికి ఒక కౌన్సిలర్‌ను పిలిపించండి. ఎవరైనా బిడ్డ వణుకుతూ మీ దగ్గరకు వస్తే, ఎలా వచ్చిందని అడగకముందే, తోడుగా ఆసుపత్రికి వస్తానని చెప్పండి.